ఫుట్‌బాల్ రక్షణలో కోచ్ పద్ధతి ఎంత, ఆటగాడి ప్రతిభ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కొత్త జట్టు కట్టినప్పుడల్లా అవే సందేహాలు మళ్ళీ వస్తున్నాయి. కోనసీమలోనూ, గోదావరి పాయ వశిష్ఠకు అవతల నరసాపురం, పాలకొల్లు వైపునా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న వ్యాయామ ఉపాధ్యాయులు, పాత ఆటగాళ్ళు, కుర్రాళ్ళ తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలను వీలైనంతవరకు వారి మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కాబట్టి, మీకు అవసరమైన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

డిఫెన్స్ బాగుండాలంటే మంచి ఆటగాళ్ళు ముఖ్యమా, మంచి కోచ్ ముఖ్యమా?

రెండూ ముఖ్యమేనని చెప్పి ఊరుకోవడం సులువు గాని, ఏది దేనికి ముఖ్యమో చెప్పకపోతే ఆ జవాబు వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎదుటి జట్టుకు ఎన్ని అవకాశాలు చిక్కుతాయన్నది చాలావరకు కోచ్ పద్ధతిని బట్టి ఉంటుంది. చిక్కిన అవకాశాల్లో ఎన్ని గోలు దాకా వెళతాయన్నది చాలావరకు డిఫెండర్ల, గోల్‌కీపర్ల ప్రతిభను బట్టి ఉంటుంది. వీటికి తోడు మూడో సంగతి ఒకటి ఉంది: పద్ధతి ఎంత సాహసం చేయవచ్చో నిర్ణయించేది కూడా ఆటగాళ్ళ శక్తే.

ఇంగ్లండ్‌లో చెల్సీ జట్టు 2003-04 లీగ్‌లో ఎదుటి జట్లకు 30 గోల్స్ ఇచ్చి, మరుసటి ఏడాది 38 మ్యాచ్‌లలో 15 మాత్రమే ఇచ్చింది. ఆ వేసవిలోనే కొత్త కోచ్‌గా మోరీన్యో వచ్చాడు. గోల్‌కీపర్ చెక్, స్టాపర్ (వెనక వరుస మధ్యలో ఆడే డిఫెండర్, సెంటర్ బ్యాక్ అన్నా అతనే) కార్వాల్యో కూడా ఆ వేసవిలోనే వచ్చారు. ఆ సగం గోల్స్ తగ్గింపులో ఎవరి వాటా ఎంతో కచ్చితంగా విడదీయడం సాధ్యం కాదు. పెద్ద క్లబ్బులు రెండింటినీ ఒకేసారి కొనుక్కోగలవు. మనం ఊళ్ళో ఉన్న పదిహేనుమంది కుర్రాళ్ళతోనే ఆడాలి కాబట్టి, మన చేతిలో ఉన్నది ముందుగా పద్ధతే. అయితే ఒంటిని చూసి చొక్కా కుట్టాలి గాని, ముందే కుట్టిన చొక్కాకు సరిపడే ఒంటిని వెతకకూడదు.

పద్ధతి అంటే 4-4-2, 5-3-2 అని చెప్పే అంకెలే కదా?

ఆ అంకెలు ఆట మొదలయ్యే క్షణంలో ఎవరు ఎక్కడ నిలబడతారో మాత్రమే చెబుతాయి. రక్షణ పద్ధతి అంటే నాలుగు నిర్ణయాలు. చివరి వరుస గోలుకు ఎంత దూరంలో నిలబడాలి? మనిషికీ మనిషికీ, వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి? బంతి మీదికి ఎవరు వెళ్ళాలి, వెళ్ళినవాడి వెనక ఖాళీని ఎవరు పూడ్చాలి? ఎదుటివాడిని మైదానం మధ్యకు తోయాలా, పక్క గీత వైపు తోయాలా?

ఈ నాలుగూ తేల్చని జట్టు వెనక అయిదుగురిని పెట్టినా గోల్స్ ఇస్తూనే ఉంటుంది. 1964లో, 1965లో యూరోపియన్ కప్పు గెలిచిన ఇంటర్ మిలాన్‌ను కోచ్ ఎలేనియో ఎరేరా గట్టి రక్షణ జట్టుగా తీర్చాడు. అందులో పికీ అనే స్వీపర్ అందరి వెనకా ఉండి మిగిలిపోయిన బంతులు తీసేవాడు. అదే జట్టులో ఎడమ వైపు బ్యాక్ ఫాకెట్టి ముందుకు వెళ్ళి గోల్స్ కొట్టేవాడు. కాగితం మీది అంకె చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

డిఫెండర్ ప్రతిభ అంటే గట్టిగా ట్యాకిల్ చేయడమే కదండీ?

ట్యాకిల్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అదే ప్రతిభ అనిపిస్తుంది. నేల మీద జారి బంతి లాగవలసి వచ్చిన సందర్భాల్లో చాలావాటికి రెండు క్షణాల ముందు చిన్న ఆలస్యమో, తప్పు నిలుపో ఉంటుంది. నేను కుర్రాళ్ళను ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది తల. బంతి కుడి వైపున ఆడుతుండగా ఎడమ వైపు స్టాపర్ భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూస్తున్నాడో ఓ అయిదు నిమిషాలు లెక్కపెట్టండి. చాలామంది పిల్లలు బంతినే చూస్తూ నిలబడతారు. ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి చూసుకునేవాడు ఒక్కడు దొరికితే వాడికి మిగిలినవి నేర్పవచ్చు.

తర్వాత ఓర్పు. ఎదుటివాడు కాళ్ళతో ఊరించినా వెంటనే కాలు పెట్టకుండా, ఒళ్ళు కాస్త పక్కకు తిప్పి వెనక్కి అడుగులు వేస్తూ అతన్ని ఆలస్యం చేయగలగాలి. ఆ తర్వాతే వేగం, ఎత్తు, బలం.

మ్యాన్ మార్కింగ్ మంచిదా, జోనల్ మార్కింగ్ మంచిదా?

వరద రోజుల్లో ఏటిగట్టు కాపలాను చూసినవారికి జోనల్ మార్కింగ్ వేరే నేర్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దలను అడగండి. గట్టు మీద ఎవరి బారు వారికి ఉంటుంది. తమ బారులో నీరు ఊరుతోందేమో చూసుకుంటూ, ఇసుక బస్తాలు దగ్గర పెట్టుకుని నిలబడతారు. పక్క బారులో ప్రమాదం వస్తే అటువైపు ఇద్దరు జరుగుతారు, మిగిలినవారు కొంచెం సర్దుకుంటారు. అందరూ ఒకే చోటికి పరుగెత్తితే వదిలేసిన చోట గండి పడుతుంది. జోనల్ రక్షణ కూడా ఇంతే: ఎవరి జాగా వారిది, బంతి కదిలినప్పుడల్లా జాగాలన్నీ కలిసి కదులుతాయి.

మ్యాన్ మార్కింగ్‌లో ప్రతి డిఫెండర్‌కూ ఒక మనిషి అప్పగింత. అర్థం చేసుకోవడం తేలిక, బాధ్యత స్పష్టం. 2004 యూరో కప్పులో గ్రీస్ జట్టు జర్మన్ కోచ్ ఓటో రెహాగెల్ చేతుల్లో ఎక్కువగా ఈ పద్ధతితోనే ఆడి, ఫ్రాన్స్‌నూ, చెక్ జట్టునూ, ఫైనల్లో పోర్చుగల్‌నూ వరుసగా 1-0 తేడాతో ఓడించింది. కాబట్టి ఇది పాతబడిన పద్ధతి అని కొట్టిపారేయనవసరం లేదు. కాకపోతే ఒకడు ఓడిపోతే వెంటనే ఆదుకునే మనిషి వెనక ఉండాలి, ప్రతివాడికీ తన మనిషితో సమానంగా పరుగెత్తే ఊపిరి ఉండాలి. జోనల్‌కు వేగం కొంత తక్కువైనా నడుస్తుంది గాని నెలల తరబడి కలిసి సాధన చేయాలి. పోటీకి పదిరోజుల ముందు కూర్చిన జట్టుకు మ్యాన్ మార్కింగ్, ఏడాది పొడవునా కలిసి ఆడే కళాశాల జట్టుకు జోనల్ అని నా సలహా.

## జట్టును కూర్చేటప్పుడు

మా కుర్రాళ్ళు పొట్టివాళ్ళు. మంచి డిఫెన్స్ ఎలా వస్తుంది?

ఇటలీ గర్వించే సెంటర్ బ్యాక్ ఫ్రాంకో బరేసి ఎత్తు 1.76 మీటర్లు. స్పెయిన్ ఆటగాడు పుయోల్ ఎత్తు 1.78 మీటర్లు, 2010 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో తనకంటే పొడుగైన జర్మన్ డిఫెండర్ల మధ్య నుంచి తలతో కొట్టి గెలిపించింది అతనే. ఎప్పుడు ఎగరాలో తెలియడం ఎత్తులో సగం లోటును తీరుస్తుంది. మిగిలిన సగాన్ని పద్ధతి తీర్చాలి: పక్కల నుంచి గాలిలో వచ్చే క్రాస్‌లను అక్కడే ఆపాలి. అంటే మీ ఫుల్ బ్యాక్‌లు, వెనక వరుసలో రెండు అంచుల్లో ఆడేవారు, క్రాస్ కొట్టేవాడికి రెండడుగుల దూరంలో ఉండాలి, గోలు ముందు గీసిన పెద్ద బాక్స్ లోపల నిలబడి బంతి కోసం ఎదురుచూడకూడదు.

డిఫెన్స్ లైన్ ఎంత ముందుకు పెట్టాలి? టీవీలో పెద్ద జట్లు మైదానం సగం దాకా వచ్చేస్తున్నాయి కదా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నేను అందరికంటే ఎక్కువగా తప్పు చేసినది కూడా ఇందులోనే.

లైన్‌ను, అంటే డిఫెండర్ల చివరి వరుసను, ముందుకు జరిపితే వచ్చే లాభం పెద్దది. జట్టు మొత్తం దగ్గరగా ఉంటుంది, ఎదుటివాడికి ఆలోచించే వ్యవధి ఉండదు, బంతి మన గోలుకు దూరంగా ఉంటుంది. నష్టం కూడా అంతే పెద్దది: వెనక 40 మీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పరుగు పందెం మొదలైతే గెలిచేది వేగమే. 30 మీటర్లను ఫార్వర్డ్ నాలుగున్నర సెకన్లలో, మీ స్టాపర్ అయిదు సెకన్లలో పరుగెత్తుతారనుకోండి. ఆ అరసెకనులో ఫార్వర్డ్ మూడు మీటర్లకు పైగా ముందుకు పోతాడు. గోలు కొట్టడానికి అతనికి అంతకంటే ఎక్కువ అక్కరలేదు. అదే లైన్ గోలుకు 20 మీటర్ల దూరంలో ఉంటే పరుగెత్తే చోటే ఉండదు, నెమ్మదైన స్టాపర్ కూడా నిలబడి తన తెలివితో ఆడగలడు.

కొన్నేళ్ళ క్రితం దాళ్వా కోతలు అయ్యాక జరిగిన ఒక పోటీకి, టీవీలో చూసిన ఆటతో ఉత్సాహపడి, మా లైన్‌ను సగం గీత దగ్గర నిలబెట్టాను. మా స్టాపర్లు ఇద్దరూ తలతో బంతిని బాగా తీసేవారు, ధైర్యవంతులు, కాని పరుగులో నెమ్మది. విరామం లోపే నాలుగు గోల్స్ పడ్డాయి, నాలుగూ అచ్చుగుద్దినట్టు ఒకటే. వాళ్ళ హాఫ్ (మధ్య వరుస) ఆటగాడు తీరికగా తలెత్తి చూసి మా వెనక్కి బంతి లేపేవాడు, వాళ్ళ ఫార్వర్డ్ పరుగెత్తి అందుకునేవాడు. విరామంలో సరుగుడు కర్రల గోల్‌పోస్టు పక్కన కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ మా స్టాపర్ అన్నాడు: "నేను పరుగెత్తక కాదండీ మాస్టారూ, ఎంత దూరమని పరుగెత్తనండీ?" రెండో సగంలో లైన్‌ను బాక్స్ అంచుకు దించాను. ఒక్క గోలే పడింది. ఆ కుర్రాడి ప్రతిభ విరామానికి ముందూ తర్వాతా ఒక్కటే. దాన్ని నేను నిలబెట్టిన చోటు మారింది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్నది ఇది. మీ వెనక నలుగురిలో అందరికంటే నెమ్మదిగా పరుగెత్తేవాడు ఎంత ఖాళీని కాచుకోగలడో మైదానంలో పరుగెత్తించి చూడండి. లైన్ అక్కడ ఉండాలి. ఇంకో మాట: బంతి ఉన్నవాడి మీద మనవాడు ఒత్తిడి పెడుతుంటే లైన్ రెండడుగులు ఎక్కవచ్చు, అతను తలెత్తి తీరికగా చూస్తుంటే వెంటనే వెనక్కి దిగాలి. ఎక్కడానికీ దిగడానికీ గుర్తు అదే.

వేగంగా పరుగెత్తేవాడిని ఫార్వర్డ్‌లో కాకుండా వెనక ఎందుకు పెట్టమంటారు?

ఊళ్ళలో ఓ అలవాటు ఉంది. వేగం ఉన్నవాడు ఫార్వర్డ్, బరువు ఉన్నవాడు బ్యాక్, ఏదీ లేనివాడు గోల్‌కీపర్. ఈ అలవాటు వల్ల అందరికంటే నెమ్మదైన ఇద్దరు ఎదుటి జట్టులో అందరికంటే వేగమైన ఇద్దరికి ఎదురుపడతారు. వెనక ఒక్కడైనా వేగస్తుడు ఉంటే మీ లైన్ పది మీటర్లు ముందుకు జరగగలదు, దానితో జట్టు మొత్తం ముందుకు జరుగుతుంది.

ఆటగాడి చోటు శిలాశాసనం కాదని మన హైదరాబాద్ మాస్టారే చూపించారు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా క్రీడల్లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ గోలు కొట్టాడు, దక్షిణ కొరియాతో 2-1గా గెలిచిన ఫైనల్లోనూ గోలు కొట్టాడు. ఆ కొరియా చేతిలోనే భారత్ అదే క్రీడల మొదటి దశలో 0-2 తేడాతో ఓడింది.

గోల్‌కీపర్ కూడా డిఫెన్స్ పద్ధతిలో భాగమేనా?

భాగమే. లైన్ ఎంత ముందుంటే గోల్‌కీపర్ అంత ముందుకు వచ్చి నిలబడాలి. 2014 ప్రపంచ కప్పులో అల్జీరియా మీద జర్మనీ గోల్‌కీపర్ నోయర్ బాక్స్ దాటి వచ్చి బంతులు తీయడం వల్లనే ఆ జట్టు లైన్ అంత ఎత్తులో నిలవగలిగింది. మీ గోల్‌కీపర్ గీత దాటి రావడానికి భయపడితే లైన్ దించండి, వాడిని తిట్టకండి.

ఒక్క గొప్ప డిఫెండర్ దొరికితే చాలదా?

ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ లెక్కలు ఈ ప్రశ్నకు బాగా పనికొస్తాయి. కోచ్ క్లాప్ 2015 అక్టోబరులో వచ్చాడు. అతని పద్ధతిలో జట్టు 2016-17 లీగ్‌లో 42 గోల్స్, 2017-18లో 38 గోల్స్ ఇచ్చింది. 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లకు వాన్ డైక్ చేరాడు, ఆ వేసవిలో గోల్‌కీపర్ ఆలిసన్ చేరాడు. 2018-19లో ఇచ్చినవి 22. 2020 అక్టోబరులో వాన్ డైక్ మోకాలికి గాయమై ఆ ఏడాదికి దూరమయ్యాడు. మరో ఇద్దరు సెంటర్ బ్యాక్‌లూ గాయపడ్డారు. 2020-21లో మళ్ళీ 42. కోచ్ అతనే.

ఆ పద్ధతి ప్రాణం ముందుకు జరిగి ఆడడంలో ఉంది. ముందుకు జరిగితే వెనక మిగిలే ఖాళీని కాచే మనిషి వచ్చినప్పుడే అది నిండుగా నిలిచింది. పద్ధతే లేని జట్టులోకి అలాంటివాడు వస్తే రోజంతా ఇతరుల తప్పులు దిద్దుకుంటూ అలిసిపోతాడు.

## సాధనలో

బంతి లేకుండా సాధన చేయిస్తే కుర్రాళ్ళు విసుక్కుంటున్నారు. నిజంగా లాభం ఉందా?

ఉంది, చాలా ఉంది. 1987లో ఏ.సి. మిలాన్ కోచ్‌గా వచ్చిన అరిగో సాకి స్వయంగా వృత్తి ఆటగాడు కాడు. చెప్పుల వ్యాపారం చేసిన మనిషి. బంతి ఎక్కడుందో తాను చెబుతూ, లేని బంతిని ఉన్నట్టు ఊహించుకుని పదకొండుమందీ కలిసి కదలడం నేర్పించాడు. చివరి డిఫెండర్‌కూ ముందున్న ఫార్వర్డ్‌కూ మధ్య దూరం 25 మీటర్లు దాటకూడదన్నాడు. గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు రక్షకులను, ఎదురుగా పదిమందిని పెట్టి ఆడిస్తే, క్రమం తప్పని ఆ అయిదుగురి మీద పదిమందీ గోలు కొట్టలేకపోయేవారు. ఆ జట్టు 1989లో, 1990లో యూరోపియన్ కప్పు గెలిచింది. నిజమే, ఆ అయిదుగురిలో బరేసి, మాల్దీని ఉన్నారు. అంతటి ప్రతిభావంతులు కూడా రోజూ ఇదే చేశారన్నది మన పిల్లలకు చెప్పవలసిన సంగతి.

మా దగ్గర చేసే తీరు చెబుతాను. నలుగురు బ్యాక్‌లకు ఒక పొడవాటి కొబ్బరి పీచు తాడు ఇస్తాను. ఒక్కొక్కరి మధ్య ఎనిమిది మీటర్ల చొప్పున ముడులు వేసి ఉంటాయి, ముడి దగ్గర చేత్తో పట్టుకుంటారు. నడుముకు మాత్రం కట్టకండి, ఒకడు పడితే నలుగురూ పడతారు. నేను బంతి చేత్తో పట్టుకుని మైదానం అడ్డంగా నడుస్తాను. తాడు బిగిస్తే ఎవరో వెనకబడ్డారు, వదులై నేలను తాకితే ఎవరో మీద పడిపోతున్నారు. పీచు అరచేతిలో గరగరమని లాగినప్పుడు పక్కవాడెక్కడున్నాడో చూడకుండానే తెలుస్తుంది. పది నిమిషాలు చాలు, వెంటనే బంతి ఇచ్చి ఆడించండి. అరగంట చేయిస్తే విసుక్కోవడం వాళ్ళ తప్పు కాదు.

వానాకాలంలో మైదానం బురదగా ఉంటుంది. అప్పుడు డిఫెన్స్ మార్చాలా?

మార్చాలి. మన నల్లమట్టి తడిస్తే బంతి నేల మీద దొర్లదు, గుంటలో ఆగిపోతుంది. వెనక నుంచి చిన్న పాసులతో ఆడడం అప్పుడు ప్రమాదం. గోల్‌కీపర్‌కు వెనక్కి తోసిన బంతి మధ్యలో ఆగితే ఎదుటి ఫార్వర్డ్‌కు కానుకే. బురదలో వేగస్తుడి వేగం కూడా తగ్గుతుంది కాబట్టి బలం, నిలకడ ఉన్న స్టాపర్ విలువ పెరుగుతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో నేల గట్టిపడి బంతి ఎత్తుగా ఎగిరినప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. ఒక్క జట్టుకే రెండు కాలాల్లో రెండు లైన్లు ఉండడం నాకు సహజంగానే కనిపిస్తుంది.

పిల్లలకు ఆఫ్‌సైడ్ ట్రాప్ నేర్పవచ్చా?

లైన్ కలిసి ఎక్కడం నేర్పండి. ట్రాప్ మీద, అంటే ఎదుటి ఫార్వర్డ్‌ను ఆఫ్‌సైడ్‌లో వదిలేందుకు లైనంతా ఒక్కసారిగా ముందుకు జరగడం మీద, ఆధారపడడం నేర్పకండి. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మార్చి, ఫార్వర్డ్‌కూ గోలు గీతకూ మధ్య ముగ్గురికి బదులు ఇద్దరు ప్రత్యర్థులుంటే చాలన్నారు. 1990 నుంచి డిఫెండర్‌తో సమానంగా ఉన్నవాడు కూడా ఆఫ్‌సైడ్ కాదు. రెండు మార్పులూ ఫార్వర్డ్‌కే మేలు చేశాయి. పైగా మన ఊళ్ళ పోటీల్లో లైన్స్‌మన్ జెండా ఎప్పుడూ సరైన చోట ఉండదు. ట్రాప్ అలవాటైన పిల్లలు పరుగాపి చెయ్యెత్తుతారు. ఎత్తిన చెయ్యి గోలును ఆపలేదు.

డిఫెండర్లు ఒకరితో ఒకరు ఏమని అరుచుకోవాలి?

తక్కువ మాటలు, చిన్న మాటలు, అందరికీ ఒకే అర్థం ఉన్న మాటలు. మేము నాలుగు పెట్టుకున్నాం: "నాది", "ఎక్కు", "దిగు", "వెనక". "చూసుకోరా" అనే మాటను నిషేధించాం, ఎందుకంటే ఎవరు చూసుకోవాలో, దేన్ని చూసుకోవాలో అందులో లేదు. అందరి కంటే బాగా ఆడేవాడు కాకుండా అందరి కంటే బాగా చూసేవాడు పిలుపునివ్వాలి, అది ఎక్కువగా సెంటర్ బ్యాక్ అవుతాడు. కొత్తగా వచ్చిన పిల్లలు సీనియర్ అన్నయ్యల మీద అరవడానికి మొహమాటపడతారు. మైదానంలో ఆ మొహమాటం ఉండకూడదని కోచ్ అందరి ముందూ ఒకసారి చెబితే చాలు.

## మ్యాచ్ రోజున

మా ముఖ్యమైన స్టాపర్ ఆడలేకపోతున్నాడు. పద్ధతి మొత్తం మార్చాలా?

1994 మే 18న ఏథెన్స్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ఏ.సి. మిలాన్ సెంటర్ బ్యాక్‌లు ఇద్దరూ, బరేసి, కోస్తాకుర్తా, నిషేధం వల్ల దూరమయ్యారు. ఎదుట క్రైఫ్ శిక్షణలోని బార్సెలోనా. కోచ్ కాపెల్లో లైన్ పద్ధతిని మార్చలేదు; ఎడమ వైపు ఆడే మాల్దీనిని మధ్యకు జరిపి, పక్కన ఫిలిప్పో గల్లీని నిలబెట్టాడు. మిలాన్ 4-0తో గెలిచింది. అదే ఏడాది ఇటలీ లీగ్‌లో 34 మ్యాచ్‌లలో ఆ జట్టు ఇచ్చినవి 15 గోల్సే. అంటే ఎవరి పక్కన ఎవరు నిలబడినా దూరాలు తప్పనంతగా ఆ అలవాటు జట్టు ఒంటికి పట్టింది.

అయితే మధ్యకు జరిగినవాడు మాల్దీని. మీ రెండో స్టాపర్ అంతటివాడు కాకపోతే పద్ధతిని అలాగే ఉంచి, లైన్ మాత్రం అయిదారు మీటర్లు దించండి. ఆ ఒక్క మార్పు పిల్లలను తికమక పెట్టదు.

ఎదుటి జట్టులో ఒక్కడే చాలా గొప్పగా ఆడుతున్నాడు. ఇద్దరిని అంటించాలా?

ఇద్దరిని అంటిస్తే మిగిలిన పదిమందికి ఒక మనిషి ఖాళీగా దొరుకుతాడు. 1982 ప్రపంచ కప్పులో ఇటలీ తన డిఫెండర్ జెంటీలేను మొదట మారడోనా మీద, తర్వాతి మ్యాచ్‌లో జీకో మీద పెట్టి, అర్జెంటీనానూ బ్రెజిల్‌నూ ఓడించింది. అందరూ జెంటీలేనే గుర్తుపెట్టుకున్నారు గాని, అతను తప్పినా ఆదుకోవడానికి వెనక స్వీపర్ షిరేయా ఉన్నాడు. ఒకడు అంటుకోవాలి, ఒకడు వెనక కాచుకోవాలి. అంతకంటే తేలికైన మార్గం ఇంకొకటి ఉంది: ఆ గొప్పవాడికి బంతి అందించే మనిషిని కనిపెట్టి, అక్కడ మడవ కట్టేయడం.

కార్నర్‌లకు ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి?

దగ్గరి పోస్టు వద్ద ఒకరు, చిన్న బాక్స్ గీత మీద తలతో బాగా కొట్టే ముగ్గురు, ఎదుటి జట్టులో ప్రమాదకరమైన ఇద్దరికి చెరొక మనిషి, బాక్స్ అంచున మిగిలిన బంతి కోసం ఒకరు. కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదని పిల్లలకు గుర్తుచేయండి.

గెలుస్తున్నప్పుడు అందరం వెనక్కి వచ్చేస్తే తప్పా?

వెనక్కి రావడం తప్పు కాదు, దూరాలు పోగొట్టుకుని రావడం తప్పు. 2022 ప్రపంచ కప్పులో మొరాకో చాలా సమయం తన సగంలోనే ఉండి ఆడింది. సెమీఫైనల్‌కు ముందు అయిదు మ్యాచ్‌లలో ఇచ్చింది ఒకే గోలు, అదీ తమ ఆటగాడి కాలికి తగిలి పడిందే. ఆ జట్టు వరుసలు చివరి నిమిషం దాకా దగ్గరగానే నిలిచాయి, బంతి దొరికితే ముందుకు తీసుకుపోయే మనుషులున్నారు. మన దగ్గర భయంతో పదిమందీ బాక్స్‌లో కుప్పపడతారు, తీసిన బంతి మళ్ళీ ఎదుటివాడి కాలికే వెళుతుంది. బాక్స్ అంచుకు రెండు వరుసలు, ముందు ఒకే ఒక్కడు, ఈ అమరికను సాధనలోనే అలవాటు చేయండి.

## పోటీలు అయ్యాక

గోలు పడితే తప్పు పద్ధతిదా, ఆటగాడిదా? ఎలా తెలుస్తుంది?

ఒక్క గోలుతో తెలియదు. నోటు పుస్తకం ఒకటి పెట్టండి. పడిన ప్రతి గోలుకూ చివరి తాకిడి నుంచి వెనక్కి మూడు పాసుల దాకా రాయండి: బంతి ఎక్కడ పోయింది, ఒత్తిడి పెట్టవలసినవాడు ఎవరు, వెనక ఖాళీ ఎక్కడ ఏర్పడింది, ఎవరు ఎవరిని వదిలారు. పది గోల్స్ పోగయ్యాక చదవండి. వేర్వేరు కుర్రాళ్ళు ఆడినా ఒకే చోట గోల్స్ పడుతుంటే తప్పు మీ పద్ధతిది. వేర్వేరు చోట్ల పడినా ఒకే కుర్రాడి పేరు వస్తుంటే అతనికి నేర్పవలసింది ఏదో మిగిలింది.

ఒక సీజన్‌లో మాకు ఎడమ వైపు దూరపు పోస్టు దగ్గర నాలుగు మ్యాచ్‌లలో మూడు గోల్స్ పడ్డాయి. లెఫ్ట్ బ్యాక్ ఆడే కుర్రాడిని మేమంతా తప్పుపట్టాం, అతన్ని మార్చాం కూడా. మరుసటి మ్యాచ్‌లో కొత్తవాడికీ అదే జరిగింది. అప్పుడు పుస్తకం తీసి చూస్తే, మూడో పాసు వెనక్కి వెళ్ళేసరికి అసలు సంగతి బయటపడింది. మా ఎడమ వింగ్ ఆటగాడు ముందుకు వెళ్ళి నడుస్తూ తిరిగి వస్తున్నాడు, లెఫ్ట్ బ్యాక్‌కు ప్రతిసారీ ఇద్దరు ఎదురవుతున్నారు. అలా వెళ్ళమన్నది నేనే. మొదటి కుర్రాడి ఇంటికి వెళ్ళి ఆ పేజీ చూపించి, తప్పు నాదని చెప్పి మళ్ళీ పిలిచాను. గోలు పడినప్పుడు తలలన్నీ చివరి డిఫెండర్ వైపు తిరుగుతాయి. చాలాసార్లు అతను ఇతరులు తెచ్చిపెట్టిన కష్టం దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటాడు.

కోచ్ మారితే డిఫెన్స్ ఎన్నాళ్ళకు మారుతుంది?

ఎవరు ఎక్కడ నిలబడాలన్నది వారంలో మారుతుంది. ఒకరి కదలికను బట్టి ఒకరు కదలడం మాత్రం, వారానికి మూడు రోజులు సాధన ఉంటే, మా అనుభవంలో రెండు నెలలు పడుతుంది. రెగ్రాగీ మొరాకో కోచ్‌గా 2022 ఆగస్టు చివర్లో వచ్చి, డిసెంబరులో ప్రపంచ కప్పు సెమీఫైనల్‌కు చేర్చాడు. అయితే బోనో, హకీమి, అమ్రాబత్ వంటి వారు పెద్ద క్లబ్బుల్లో రక్షణ పాఠాలు అప్పటికే నేర్చుకుని ఉన్నారు. నేర్చినవారికి తొందరగా పడుతుంది, మన పిల్లలకు ఆ వ్యవధి ఇవ్వాలి.

మా అబ్బాయి ఎప్పుడూ డిఫెన్సే ఆడుతున్నాడు, గోల్స్ కొట్టేవాళ్ళకే పేరు వస్తోంది. ఫార్వర్డ్‌గా మార్చమంటారా?

అబ్బాయికి ముందుకు వెళ్ళాలని ఉంటే తప్పక ఆడించి చూడండి. కేవలం పేరు కోసమైతే వద్దు. 2006 ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ ఏడు మ్యాచ్‌లలో రెండే గోల్స్ ఇచ్చింది, ఒకటి సొంత ఆటగాడి కాలి నుంచి పడినది, ఇంకొకటి ఫైనల్లో జిదాన్ కొట్టిన పెనాల్టీ. ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ బహుమతి ఆ ఏడాది ఆ జట్టు సెంటర్ బ్యాక్ కానవారోకు దక్కింది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి మ్యాచ్‌కు వచ్చినప్పుడు సగం గీత దగ్గర కాకుండా మన గోలు వెనక, కాలవగట్టు మీద కూర్చోండి. బంతిని వదిలేసి అబ్బాయిని మాత్రమే చూడండి: ఎన్నిసార్లు పక్కవాడిని సర్దాడో, ఎన్ని పాసులు అతను అక్కడ నిలబడడం వల్లనే అటు రాకుండా పోయాయో లెక్కపెట్టండి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ లెక్క అతనికి చెప్పండి.